డిస్పెన్సరీ అంటే ఆసుపత్రి కాదని గూగుల్‌కు చెప్పడం ఎలా

మన దగ్గర డిస్పెన్సరీ అంటే ఈఎస్ఐ డిస్పెన్సరీ, లేదంటే వీధి చివర హోమియో డిస్పెన్సరీ. చీటీ పట్టుకుని వరుసలో నిలబడి మందుల పొట్లం తెచ్చుకునే చోటు. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో అదే మాట, లైసెన్సు తీసుకుని గంజాయి అమ్మే దుకాణానికి పేరు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్ల పని చేసిపెట్టే నాకు, అలాంటి దుకాణం మొదటిసారి వచ్చినప్పుడు దాని స్ట్రక్చర్డ్ డేటాలో (పేజీ దేని గురించో గూగుల్ లాంటి యంత్రాలకు చెప్పడానికి పేజీ వెనక రాసే కోడ్, దీన్నే మార్కప్ అంటారు) రకం దగ్గర 'ఫార్మసీ' అని రాసేశాను. రెండు నెలలు ఎవరూ గమనించలేదు. తర్వాత ఒక రాత్రి దుకాణం మేనేజరు ఫోను చేసి, "మా పేజీ వెనక మమ్మల్ని మందుల షాపు అని ఎందుకు రాశారు? లైసెన్సు అధికారులు అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ పొరపాటు నుంచి నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను. ఇలాంటి దుకాణం వెబ్‌సైటు పని మీ చేతికి వస్తే ఏ వరుసలో చేయాలో, ఎక్కడ ఆగాలో చూడండి.

పనిలో దిగే ముందు

భారతదేశంలో ఈ వ్యాపారానికి చోటు లేదు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అమ్మకం నేరం. కాబట్టి ఇదంతా చట్టం ఒప్పుకున్న చోట్ల దుకాణాల గురించే. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు పెద్దల వినియోగానికి 2012 నవంబరులో ఒప్పుకున్నారు. కొలరాడోలో దుకాణాలు 2014 జనవరి 1న తెరుచుకున్నాయి, కాలిఫోర్నియాలో 2018 జనవరి 1న. అదే ఏడాది అక్టోబరు 17న కెనడా దేశమంతటా చట్టబద్ధం చేసింది. అమెరికా ఫెడరల్ చట్టం మాత్రం 1970 నుంచీ గంజాయిని నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంచింది. రాష్ట్రం సరే అంటుంది, కేంద్రం కాదంటుంది.

ఈ మెలిక అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు బాగా తగులుతుంది. గ్రీన్‌కార్డు మీద ఉండి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేవారు, రాష్ట్ర చట్టం ఒప్పుకున్న గంజాయి వ్యాపారంలో పాలుపంచుకున్నా 'మంచి నడవడి' షరతు దగ్గర చిక్కుల్లో పడవచ్చని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. మీరు వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో అక్కడే ఉంటూ ఈ పని ఒప్పుకోబోతుంటే, ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. డబ్బు ఎంత వస్తుందన్నది తర్వాతి లెక్క.

ఇక ఈ మార్కప్ వల్ల ఏం ఒరుగుతుందో కూడా ముందే తేల్చుకుందాం. 'దగ్గర్లో డిస్పెన్సరీ' అని ఎవరైనా వెతికితే, మ్యాపుతో పాటు వచ్చే దుకాణాల వరుసను గూగుల్ మూడు విషయాలు చూసి పేర్చుతానంటుంది: అడిగినదానికి ఎంత పొంతన ఉంది, ఎంత దూరంలో ఉంది, ఆ దుకాణానికి ఎంత పేరుంది. మార్కప్ దూరాన్ని తగ్గించదు, పేరును పెంచదు. పెట్టగానే రెండో పేజీ నుంచి మొదటి పేజీకి ఎక్కిస్తానని ఎవరైనా మీ క్లయింటుకు మాటిచ్చి ఉంటే, ఆ మాట మీరు నిలబెట్టలేరు. అది చేసేదల్లా అనుమానం తీర్చడం. ఇది ఫలానా దుకాణం, ఫలానా చోట ఉంది, ఈ వేళల్లో తెరిచి ఉంటుంది, మ్యాపులో కనిపించేదీ ఈ వెబ్‌సైటూ ఒకటే అని యంత్రానికి తడబాటు లేకుండా చెప్పడం. గంజాయి దుకాణాలకు గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చుకునే దారి దాదాపుగా మూసుకుపోయింది కాబట్టి, మామూలు శోధనలో సరిగ్గా కనిపించడమే వాళ్లకు దిక్కు. అందుకే ఈ చిన్న పనికి అంత గిరాకీ, అన్ని అబద్ధపు వాగ్దానాలు.

1. లైసెన్సు కాగితం తెప్పించుకోండి

కోడ్ జోలికి పోకముందే దుకాణం యజమానిని లైసెన్సు నకలు పంపమనండి. దాని మీద ఉన్న పేరు, బోర్డు మీద ఉన్న పేరు చాలాసార్లు వేరుగా ఉంటాయి. కంపెనీ పేరు ఒకటి, జనం పిలిచేది ఇంకొకటి. ఈ రెండింటినీ ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. చిరునామా, ఫోను నంబరు, వారంలో ప్రతి రోజూ తెరిచే మూసే వేళలు, డబ్బు ఏ రూపంలో తీసుకుంటారు, ఇంటికి పంపుతారా, పంపితే ఏ ఊళ్లకు అన్నవి కూడా రాసుకోండి.

ఇప్పుడు అదే వివరాలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్ మ్యాపులో కనిపించే దుకాణం వివరాలు పెట్టే చోటు), బింగ్ ప్లేసెస్‌లో, సమీక్షల వెబ్‌సైటు యెల్ప్‌లో, ఈ రంగానికే ప్రత్యేకమైన వీడ్‌మ్యాప్స్, లీఫ్లీలలో ఎలా ఉన్నాయో చూడండి. ఒకచోట పాత ఫోను నంబరు, ఇంకోచోట 'సూట్ బి' ఎగిరిపోయిన చిరునామా, మరోచోట మారిపోయిన వేళలు కనబడతాయి. వాటిని సరిదిద్దాకే మార్కప్ రాయండి. నాలుగు చోట్ల నాలుగు మాటలు ఉన్నప్పుడు, మార్కప్ ఐదో మాట అవుతుందే తప్ప తీర్పు అవదు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం పనిలో సగం ఫలితం ఇక్కడే ఉంది. కోడ్ లేదు కాబట్టి ఎవరికీ దీని మీద ఉత్సాహం ఉండదు.

2. దుకాణం రకం ఎంచుకోవడం

స్ట్రక్చర్డ్ డేటాకు మాటలు ఇచ్చే ఉమ్మడి నిఘంటువు స్కీమా.ఆర్గ్. 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టాయి. అందులో 'లోకల్ బిజినెస్' అనే పెద్ద గొడుగు కింద బేకరీ నుంచి దంతవైద్యుడి దాకా ఎన్నో రకాలున్నాయి. సారా దుకాణానికి కూడా 'లిక్కర్ స్టోర్' అని ఒకటుంది. గంజాయి దుకాణానికి మాత్రం ప్రత్యేకమైన రకం లేదు.

ఆ ఖాళీ దగ్గరే అందరూ నాలాగే జారిపడతారు. డిస్పెన్సరీ అన్న మాట చూసి 'ఫార్మసీ' పెడతారు, లేదా 'మెడికల్ క్లినిక్' పెడతారు. ఫార్మసీ అంటే మందుల లైసెన్సు, ఫార్మసిస్టు ఉన్న చోటు. గంజాయి దుకాణం అది కాదు, వైద్య గంజాయి కార్డున్నవారికి అమ్మేదైనా కాదు. సరకులకు 'డ్రగ్' అనే రకం తగిలించడం ఇంకా ప్రమాదం, అది ఇంచుమించు వైద్యపరమైన హామీ. రోగాలు నయమవుతాయని రాసుకున్న సీబీడీ (గంజాయి మొక్క నుంచి తీసే ఒక పదార్థం) కంపెనీలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే.

'స్టోర్' అని రాయండి. లోకల్ బిజినెస్ కింద ఉన్న రకమే అది, నిజమైనది, చాలు. ఇంకాస్త స్పష్టత కావాలంటే 'అడిషనల్ టైప్' అనే ప్రాపర్టీలో (ఒక్కో వివరం రాసే గడిని ప్రాపర్టీ అంటారు), గంజాయి దుకాణం అనే అంశానికి వికీడేటాలో ఉన్న పేజీ చిరునామా ఇవ్వవచ్చు. గూగుల్ దాన్ని పట్టించుకుంటుందన్న హామీ ఏమీ లేదు కానీ చెప్పేది నిజమే కాబట్టి నష్టం లేదు. అసలు రకాన్ని గట్టిగా చెప్పే చోటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. అక్కడ 'కానబిస్ స్టోర్' అనే వర్గం ఉంది. అది సరిగ్గా ఎంచుకున్నారో లేదో ఇప్పుడే చూడండి.

3. దుకాణం పరిచయ పత్రం రాయడం

మార్కప్‌ను జేసన్-ఎల్‌డీ రూపంలో, అంటే పేరు, దాని పక్కన విలువ అన్న జాబితాలా రాయండి. గూగుల్ సిఫారసు చేసేది అదే. పేజీలో కనిపించే భాగాన్ని కదిలించకుండా ఒక స్క్రిప్టు ట్యాగులో పెట్టేయవచ్చు. హెడ్‌లో పెట్టినా బాడీలో పెట్టినా చదువుతుంది. ఇక్కడ ప్రాపర్టీల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ కోడ్‌లో స్కీమా.ఆర్గ్ చూపించినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. రకాల పేర్లు పెద్ద అక్షరంతో, ప్రాపర్టీల పేర్లు చిన్న అక్షరంతో మొదలవుతాయి.

గూగుల్ తప్పనిసరి అనేవి రెండే: పేరు, చిరునామా. మిగిలినవి ఉంటే మంచిది అంటుంది. 'నేమ్'లో బోర్డు మీదున్న పేరే రాయండి. పేరు పక్కన 'ఊళ్లోకెల్లా బెస్ట్ డిస్పెన్సరీ' అని తోక తగిలించమని యజమానులు అడుగుతారు. వద్దని చెప్పండి. బిజినెస్ ప్రొఫైల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు, రెండు చోట్లా పేరు ఒకేలా ఉండాలన్నదే కదా మన పని. లైసెన్సు మీదున్న కంపెనీ పేరుకు 'లీగల్ నేమ్' అని వేరే ప్రాపర్టీ ఉంది.

చిరునామాను ఒకే వాక్యంగా కుక్కకుండా వీధి, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్, దేశం అని విడివిడిగా ఇవ్వండి. ఫోను నంబరు ముందు దేశ కోడ్ +1 ఉండాలి.

తర్వాత 'జియో', అంటే అక్షాంశ రేఖాంశాలు. దశాంశ బిందువు తర్వాత కనీసం ఐదు అంకెలు ఇవ్వమంటుంది గూగుల్. ఐదో అంకెకు తేడా ఇంచుమించు ఒక మీటరు. ఇక్కడ మన దేశంలో కూర్చుని పనిచేసేవారు ప్రత్యేకంగా చేసే తప్పు ఒకటుంది. మనకు రెండు అంకెలూ ధనాత్మకమే, హైదరాబాద్‌కైనా విశాఖకైనా. అమెరికా రేఖాంశానికి ముందు మైనస్ ఉంటుంది. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలోని దుకాణానికి 38.58, మైనస్ 121.49 అని రాయాల్సిన చోట మైనస్ మరిచిపోతే, ఆ దుకాణం చైనాలోని డాలియన్ నగరానికి దక్షిణంగా సముద్రంలో తేలుతుంది. పరీక్ష పరికరం దీన్ని తప్పు అనదు. దానికి అదీ సరైన అంకే. అంకెలను మ్యాపులో పెట్టి కళ్లతో చూడడం ఒక్కటే మార్గం.

'ఐడెంటిఫయర్'లో లైసెన్సు నంబరు ఇవ్వండి. 'ప్రాపర్టీ వాల్యూ' అనే రూపంలో ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. కాలిఫోర్నియాలో దుకాణాల లైసెన్సు నంబరు సీ10 అని మొదలవుతుంది, దుకాణం లేకుండా ఇంటికి పంపడం మాత్రమే చేసేవాటిది సీ9 అని. ఆ రాష్ట్రంలో ప్రతి ప్రకటనలో లైసెన్సు నంబరు ఉండాలని చట్టమే చెబుతుంది కాబట్టి, పేజీ అడుగున కూడా అదే నంబరు కంటికి కనబడాలి. మార్కప్‌లో ఉండి పేజీలో లేనిది ఏదైనా గూగుల్ నియమాలకు విరుద్ధం.

'సేమ్ యాజ్'లో ఆ దుకాణానికి చెందిన లీఫ్లీ, వీడ్‌మ్యాప్స్, యెల్ప్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల చిరునామాలు వరుసగా ఇవ్వండి. ఇవన్నీ ఒకే దుకాణం అని ముడివేసేది ఇదే. 'ప్రైస్ రేంజ్'కు రెండు డాలర్ గుర్తులు చాలు. 'పేమెంట్ యాక్సెప్టెడ్'ను తేలిగ్గా తీసుకోకండి. ఫెడరల్ చట్టం భయంతో చాలా బ్యాంకులు, కార్డు కంపెనీలు ఈ వ్యాపారానికి దూరంగా ఉంటాయి, నగదు మాత్రమే తీసుకునే దుకాణాలు ఎన్నో ఉన్నాయి. నగదు మాత్రమే అయితే మార్కప్‌లోనూ పేజీ మీదా ఆ ముక్క రాయండి. క్రెడిట్ కార్డుతో వచ్చి వెనుదిరిగినవాడు పెట్టే ఒక నక్షత్రం ఎన్నాళ్లైనా పోదు.

చివరగా 'ఐడీ'. ఈ దుకాణానికి ఎప్పటికీ మారని ఒక గుర్తు. దుకాణం పేజీ చిరునామా చివర హ్యాష్ గుర్తు పెట్టి స్టోర్ అని రాస్తే సరిపోతుంది. వెబ్‌సైటులో ఇంకెక్కడ ఈ దుకాణాన్ని ప్రస్తావించాలన్నా, వివరాలన్నీ మళ్లీ రాయకుండా ఈ గుర్తు ఇస్తే చాలు.

4. తెరిచే వేళలు, ఏప్రిల్ 20 గొడవ

కస్టమరు అన్నింటికన్నా ఎక్కువగా చూసేది వేళలే. 'ఓపెనింగ్ అవర్స్ స్పెసిఫికేషన్'లో రోజు, తెరిచే సమయం, మూసే సమయం ఇవ్వాలి. ఒకే వేళలున్న రోజులను ఒకే గుంపుగా రాయవచ్చు. సమయం 24 గంటల పద్ధతిలో, దుకాణం ఉన్న చోటి గడియారం ప్రకారం ఉండాలి. మీరు రాత్రి పదకొండింటికి హైదరాబాద్‌లో కూర్చుని రాస్తున్నారన్నది దానికి అనవసరం.

రాష్ట్రం పెట్టిన హద్దు కూడా చూసుకోండి. కాలిఫోర్నియాలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకానే అమ్మాలి. నగరాలు ఇంకా కుదించవచ్చు. యజమాని పొరపాటున రాత్రి 11 అని చెప్పి, మీరు అలాగే రాస్తే, నియమం మీరుతున్నామని దుకాణం తనే లోకానికి చాటుకున్నట్టు.

ఈ వ్యాపారానికి పండగ ఏప్రిల్ 20. ఆ రోజు వేళలు పెంచుతారు, వరుసలు వీధి మలుపు తిరుగుతాయి. థ్యాంక్స్‌గివింగ్ ముందు రోజు బుధవారం కూడా గిరాకీ ఎక్కువే. క్రిస్మస్ రోజు కొన్ని దుకాణాలు మూస్తారు. ఇలాంటి ప్రత్యేక దినాలకు అదే ప్రాపర్టీలో ఇంకో ముక్క చేర్చి, 'వ్యాలిడ్ ఫ్రమ్', 'వ్యాలిడ్ త్రూ' అని తేదీలు ఇవ్వాలి. రోజంతా మూసి ఉంటే తెరిచే సమయం, మూసే సమయం రెండూ 00:00 అని రాయాలి. తేదీ రాసేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. మన అలవాటు రోజు ముందు, అమెరికా వాళ్ల అలవాటు నెల ముందు. ఈ రెండింటి మధ్య జూలై 4 కాస్తా ఏప్రిల్ 7 అయిపోవడం నేను చూశాను.

5. మెనూ: ఇక్కడే చేయి కట్టేసుకోవాలి

వెబ్‌సైట్ల పని చేసే ఎవరికైనా తర్వాత వచ్చే ఆలోచన ఒకటే. సరకుల పేజీల్లో ప్రతిదానికీ 'ప్రోడక్ట్' మార్కప్ పెట్టి, ధర, స్టాకు, నక్షత్రాలు శోధన ఫలితాల్లోనే కనిపించేలా చేద్దాం అని. చెప్పుల దుకాణానికైతే చేయవలసిందే. గంజాయికి కుదరదు. ప్రోడక్ట్ ఫలితాల నియమాల్లో గూగుల్ నేరుగా రాసింది: ఆయుధాలు, వినోదానికి వాడే మత్తుపదార్థాలు, పొగాకు, వేపింగ్ సరకులు, జూదం లాంటివాటికి ఆ ఫలితాలు ఇవ్వం అని. రాష్ట్రంలో చట్టబద్ధమా కాదా అన్న ప్రశ్న అక్కడ లేదు.

ఇది తెలిసీ పెట్టమనే సలహాదారులున్నారు, 'ఏమో, పడితే పడుతుంది' అని. నేను పెట్టను. తగిలితే సెర్చ్ కన్సోల్‌లో (వెబ్‌సైటు శోధనలో ఎలా ఉందో యజమానులకు గూగుల్ చూపించే పరికరం) మాన్యువల్ చర్య, అంటే గూగుల్ మనుషులే చూసి వేసిన శిక్ష, అని సందేశం వస్తుంది. ఆ చర్య పేజీ ర్యాంకును తగ్గించదని గూగుల్ అంటుంది కానీ, ఆ పేజీకి దక్కే ప్రత్యేక ఫలితాల అర్హత పోతుంది. తర్వాత దాన్ని తొలగించి, మళ్లీ చూడమని విన్నవించుకుని, జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండాలి. దుకాణం పేరు వేసిన టీషర్టులు, టోపీలు అమ్మితే వాటికి నిక్షేపంగా ప్రోడక్ట్ మార్కప్ పెట్టుకోండి.

మరి మెనూకు ఏం చేయాలి? ముందు ఆ మెనూ ఎక్కడుందో చూడండి. డచీ, జేన్ లాంటి కంపెనీలు దుకాణాలకు తయారు మెనూ ఇస్తాయి. దాన్ని ఐఫ్రేమ్‌లో (మీ పేజీలో వేరే వెబ్‌సైటును చూపించే కిటికీ) అతికిస్తే, కస్టమరుకు మీ పేజీలోనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ అందులోని సరకుల పేర్లు, వివరణలు మీ పేజీకి సొంతంగా లెక్కకు రావు. అద్దె గోడ మీద బోర్డు రాసుకున్నట్టే. మెనూ మీ డొమైన్ మీదే తెరుచుకునే ఏర్పాటు ఆ కంపెనీ దగ్గర ఉందేమో అడగండి. లేకపోతే ఫ్లవర్ (ఎండిన పువ్వు), ఎడిబుల్స్ (తినేవి), ప్రీ-రోల్స్ (చుట్టి అమ్మేవి) అని వర్గానికో పేజీ మీరే తయారుచేసి, నాలుగు పేరాలు నిజమైన సమాచారం రాసి, అక్కడి నుంచి మెనూకు దారి చూపండి. ఆ పేజీలకు 'బ్రెడ్‌క్రంబ్ లిస్ట్' మార్కప్ పెట్టండి. ముఖ్యపేజీ, దుకాణం, వర్గం అన్న వరుసను అది చెబుతుంది, ఏ నియమానికీ అడ్డు రాదు.

తరచూ అడిగే ప్రశ్నలకు 'ఎఫ్ఏక్యూ' మార్కప్ పెట్టమని పాత పాఠాలు ఇంకా చెబుతూనే ఉన్నాయి. 2023 ఆగస్టులోనే గూగుల్ ఆ ఫలితాలను పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య వెబ్‌సైట్లకే పరిమితం చేసేసింది. 'ఏ గుర్తింపు కార్డు తేవాలి', 'పార్కింగ్ ఉందా', 'వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు కొనవచ్చా' లాంటి ప్రశ్నలకు జవాబులు రాయండి, మనుషులకు పనికొస్తాయి. మార్కప్ కోసం మాత్రం రాయకండి.

6. నక్షత్రాల ఆశ

'మా గూగుల్ రేటింగ్ 4.8, దాన్ని మా పేజీ కింద పసుపు నక్షత్రాలుగా చూపించండి' అని ప్రతి యజమానీ అడుగుతారు. రెండు కారణాల వల్ల కాదు. ఒక వ్యాపారం తన గురించిన సమీక్షలను తన వెబ్‌సైటులోనే పెట్టుకుని లోకల్ బిజినెస్ మార్కప్‌కు తగిలిస్తే, 2019 సెప్టెంబరు నుంచి గూగుల్ ఆ నక్షత్రాలు చూపించడం మానేసింది. ఎవరి పెళ్లికి వాళ్లే సాక్షి సంతకం పెట్టుకున్నట్టని దాని వాదన. ఇక వేరే వెబ్‌సైట్ల నుంచి రేటింగులు తెచ్చి కలిపి చూపడాన్ని నియమాలు అసలే ఒప్పుకోవు. 'అగ్రిగేట్ రేటింగ్' తీసేయండి.

దుకాణం కెనడాలో ఉంటే ఇంకో అడుగు వెనక్కి వేయాలి. అక్కడి గంజాయి చట్టం, కస్టమరు మెచ్చుకోలును ప్రచారానికి వాడడాన్నే నిషేధిస్తుంది. సమీక్షలు పేజీ మీద పెట్టడం గురించి కూడా అక్కడి న్యాయవాది చెప్పాకే.

7. వయసు అడిగే తలుపు

21 ఏళ్లు నిండాయా అని అడిగే తెర లేని దుకాణం వెబ్‌సైటు దాదాపు ఉండదు. ఎంతో శ్రద్ధగా రాసిన మార్కప్ చాలాసార్లు ఈ తలుపు బయటే ఆగిపోతుంది. వచ్చిన ప్రతివారినీ వేరే చిరునామాకు మళ్లించి, అవును అని నొక్కాక లోపలికి పంపే ఏర్పాటు ఉంటే, పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాము, అంటే గూగుల్ బాట్‌కు పుట్టిన తేదీ ఉండదు, బటన్ నొక్కదు. అది చూసేదల్లా ప్రశ్న ఉన్న పేజీ.

పేజీని అలాగే ఉంచి, దాని మీద ఒక తెర కప్పాలి. వెనక ఉన్న హెచ్‌టీఎంఎల్‌లో మాటలు, మార్కప్ రెండూ ఉంటాయి, బాట్ చదువుకుంటుంది, మనిషి మాత్రం జవాబు చెప్పాకే చూస్తాడు. చట్టం కోసం పెట్టే తెరల విషయంలో గూగుల్ ఇచ్చే సలహా కూడా ఇదే. బాట్ వస్తే తెర తీసేసి, మనిషికి వేరే పేజీ చూపించే తెలివితేటలకు పోవద్దు. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం సులువు. సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి, గూగుల్‌కు అందిన హెచ్‌టీఎంఎల్ తెరిచి, దుకాణం వీధి పేరు వెతకండి. దొరికితే తలుపు తెరిచే ఉంది.

8. శాఖలు, ఇంటికి పంపడం

రెండు మూడు ఊళ్లలో శాఖలుంటే ప్రతి శాఖకూ సొంత పేజీ, సొంత మార్కప్ ఉండాలి. అన్నింటినీ ముఖ్యపేజీలో కుమ్మరించకండి. ముఖ్యపేజీలో కంపెనీకి 'ఆర్గనైజేషన్' ఒకటి పెట్టి, శాఖల నుంచి 'పేరెంట్ ఆర్గనైజేషన్' అని దానికి ముడి వేయండి. ఇంటికి పంపితే 'ఏరియా సర్వ్డ్'లో నిజంగా పంపే ఊళ్ల పేర్లే ఇవ్వండి. కౌంటీ మొత్తం రాసుకుంటే ఆర్డర్లు పెరగవు, రాని బండి కోసం తిట్లు పెరుగుతాయి.

9. పరీక్షించడం

రెండు పరికరాలున్నాయి, రెండూ వాడండి. స్కీమా.ఆర్గ్ వాలిడేటర్ వ్యాకరణం సరిగ్గా ఉందా చూస్తుంది. గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్, గూగుల్‌కు పనికొచ్చేవి ఉన్నాయా చూస్తుంది. తప్పు అని ఎర్రగా చూపితే ఎక్కువసార్లు కారణం కొటేషన్ గుర్తులే. కోడ్‌ను వర్డ్ ఫైల్లో అతికించి, మళ్లీ అక్కడి నుంచి తీస్తే నిలువు గుర్తులు వంపు గుర్తులుగా మారిపోతాయి. కంటికి తేడా తెలియదు, యంత్రం మాత్రం చదవదు. రెండో కారణం చివరి వరుస తర్వాత మిగిలిపోయిన కామా.

వర్డ్‌ప్రెస్ వెబ్‌సైటైతే ఇంకొకటి చూడాలి. యోస్ట్ లాంటి ప్లగిన్లు తమంతట తామే కంపెనీ వివరాల మార్కప్ రాస్తాయి, థీమ్ ఇంకొకటి రాస్తుంది, మీరు మూడోది పెడతారు. పరీక్షలో ఒకే దుకాణం మూడుసార్లు, రెండు ఫోను నంబర్లతో కనిపిస్తే అదే సంగతి. ఒక్కటే ఉంచి మిగిలినవి ఆపేయండి.

పరికరం పచ్చజెండా ఊపినంత మాత్రాన అయిపోలేదు. అది రూపాన్నే చూస్తుంది. డాలియన్ సముద్రంలో ఉన్న దుకాణానికీ పచ్చజెండాయే. కాబట్టి ముందు తయారుచేసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో వరుస మీరే చదవండి.

10. అప్పగించేటప్పుడు

మార్కప్ పెట్టిన తేదీ రాసుకుని, సెర్చ్ కన్సోల్‌లో దుకాణం పేజీని మళ్లీ చదవమని కోరండి. బిజినెస్ ప్రొఫైల్ నుంచి వెబ్‌సైటుకు వచ్చే లింకుకు ఒక గుర్తు తగిలిస్తే, మ్యాపు నుంచి ఎందరు వస్తున్నారో మామూలు శోధన నుంచి ఎందరు వస్తున్నారో విడిగా తెలుస్తుంది. మొదటి వారంలోనే అంకెలు చూసి యజమానికి శుభవార్త చెప్పకండి, ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పనైతే మరీను. ఆ నెల పెరుగుదల మీ కోడ్‌ది కాదు, క్యాలెండరుది.

తర్వాత దుకాణంలో వేళలు మార్చే మనిషి ఎవరో అడిగి తెలుసుకోండి. ఎక్కువగా అది యజమాని కాదు, షిఫ్టులు వేసే మేనేజరు. వేళలు మారితే ఏయే చోట్ల మార్చాలో వరుసగా రాసి అతనికి ఇవ్వండి: బిజినెస్ ప్రొఫైల్, వీడ్‌మ్యాప్స్, లీఫ్లీ, వెబ్‌సైటు పేజీ, చివరగా మార్కప్. చివరిది అతను చేయలేడు, అది మీకు కబురు పెట్టాల్సిన పని. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో మీరే అతనికి ఒక సందేశం పంపండి, ఈసారి 20న ఎన్నింటికి తెరుస్తున్నారని.